బఠాణీ గింజతో మొదలైన సినిమా

ఏ ఊరికి బదిలీ అయి వెళ్లినా, నా తరగతిలో సినిమా తీస్తానని చెప్పే విద్యార్థి ఒకరైనా ఉంటారు. సెలవుల్లో ఇంట్లోవాళ్ల ఫోనుతో చిన్న చిత్రం తీసి, వచ్చి కథ చెబుతారు. బాగా రాకపోతే చెరిపేసి మళ్లీ తీశామంటారు. అలా చెరపడానికి వీలులేని రోజుల్లో, నేర్పే బడి లేని చోట, నలభై ఏళ్ల వయసులో సినిమా తీయడం నేర్చుకున్న ఒక పెద్దాయన గురించి ఈ ఏడాది మీకు చెప్పాలనిపించింది. ఆయనే దాదాసాహెబ్ ఫాల్కే.

ఆయన అసలు పేరు ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే. 1870 ఏప్రిల్ 30న నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వరంలో జన్మించారు. మన గోదావరి పుట్టినచోటు కూడా అదే. తండ్రి సంస్కృత పండితుడు. కుమారుడికి మాత్రం బొమ్మల మీద మక్కువ. 1885లో బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరి చిత్రలేఖనం అభ్యసించారు. తరువాత బరోడాలోని కళాభవన్‌లో చదువుతూ ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు. గోధ్రాలో ఫోటో స్టూడియో పెట్టారు. అక్కడ ప్లేగు వ్యాధికి భార్యనూ బిడ్డనూ పోగొట్టుకుని ఆ ఊరు విడిచిపెట్టారు. కొంతకాలం పురావస్తు శాఖలో ఉద్యోగం చేశారు. ఆ తరువాత అచ్చు పనిలో దిగి మంచి పేరు తెచ్చుకున్నారు. భాగస్వాములతో పొసగక అదీ వదులుకున్నారు.

చేతిలో పని లేని ఆ రోజుల్లోనే, 1911 ప్రాంతంలో, బొంబాయిలో ఒక గుడారపు సినిమాహాలులో ఏసుక్రీస్తు జీవితం మీద తీసిన మూగచిత్రం చూశారు. మన రాముడూ కృష్ణుడూ కూడా ఇలా తెర మీద కదలాలన్న కోరిక ఆయనను పట్టుకుంది. దొరికిన ప్రతి సినిమా చూశారు. పుస్తకాలు తెప్పించుకుని రాత్రింబవళ్లు చదివారు. కళ్లు అంత శ్రమకు ఓర్చలేక కొంతకాలం చూపే మందగించింది. వైద్యంతో చూపు తిరిగి వచ్చింది. ఆయన మళ్లీ అదే పనిలో కూర్చున్నారు.

పుస్తకం చదివితే పని రాదని ఆయనకు తెలుసు. జీవిత బీమా పాలసీలు తాకట్టు పెట్టి, 1912 ఫిబ్రవరిలో లండన్‌కు ఓడ ఎక్కారు. అక్కడ ఒక సినిమా పత్రిక సంపాదకుడిని స్వయంగా వెళ్లి కలుసుకున్నారు. ఆయన ద్వారా సెసిల్ హెప్‌వర్త్ అనే నిర్మాత స్టూడియోలో అన్ని విభాగాలూ చూసే అవకాశం దొరికింది. విలియమ్సన్ కెమెరానూ, ఫిల్ముకు రంధ్రాలు వేసే యంత్రాన్నీ, ప్రింటు తీసే యంత్రాన్నీ కొనుక్కుని ఏప్రిల్‌లో తిరిగి వచ్చారు.

ఇక్కడ ఫిల్ము సంగతి కొంచెం తెలుసుకోవాలి. సినిమా ఫిల్ము 35 మిల్లీమీటర్ల వెడల్పుండే పొడవాటి పట్టీ. అడుగు పొడవులో 16 బొమ్మలు పడతాయి. కెమెరా పక్కనున్న పిడిని చేత్తో తిప్పుతూ ఉంటే ఒక్కో బొమ్మా వరుసగా పడుతుంది. తిప్పే వేగం తప్పితే తెర మీద మనుషులు పరుగులు తీస్తారు, లేదా నత్తనడక నడుస్తారు. ఫిల్ము అంచుల్లో రంధ్రాలుంటేనే యంత్రపు పళ్లు దాన్ని ముందుకు లాగుతాయి. ఆ రోజుల్లో ముడి ఫిల్ము రంధ్రాలు లేకుండా వచ్చేది. వాటిని ఇంట్లోనే వేసుకోవాలి, అదీ చీకటి గదిలో. వెలుగు తగిలితే ఫిల్ము పాడైపోతుంది. రంధ్రం కాస్త పక్కకు జరిగినా తెర మీద బొమ్మ ఎగిరెగిరి పడుతుంది.

ఆ రంధ్రాలు వేసే పని నేర్చుకున్నది ఆయన రెండో భార్య సరస్వతీబాయి. పగలంతా ఇల్లూ పిల్లలనూ చూసుకుని, చీకట్లో కూర్చుని ఆమె ఫిల్ము సిద్ధం చేసేవారు. తీసిన ఫిల్మును మందునీళ్లలో కడగడంలోనూ ఆమె చేయి ఉండేది.

యంత్రాలున్నాయి గాని, సినిమా తీయడానికి డబ్బు లేదు. ఎన్నడూ సినిమా తీయని మనిషిని నమ్మి అప్పు ఇచ్చేదెవరు? అప్పుడు ఫాల్కే కథ, వేషాలు, సెట్టింగులు అన్నీ పక్కన పెట్టి, ఒక కుండీలో బఠాణీ గింజ నాటారు. కెమెరాను దాని ముందు నిలిపారు. నెల రోజులకు పైగా, ఒక్కొక్క బొమ్మ చొప్పున తీస్తూ పోయారు. చివరికి వచ్చింది నిమిషానికి కాస్త ఎక్కువ నిడివి చిత్రం. సెకనుకు 16 బొమ్మల లెక్కన నిమిషానికి 960 బొమ్మలు. నెలకు పంచి చూడండి, రోజుకు 32 వస్తాయి. ఏ రోజు కెమెరా కదిలినా, ఏ రోజు వెలుతురు కుదరకపోయినా అది తెర మీద కనబడుతుంది. ఫిల్మును కడిగేదాకా తప్పు జరిగిందో లేదో తెలియదు.

ఆ చిత్రం చూసినవాళ్ల కళ్ల ముందే గింజ మొలకెత్తి, ఆకులు వేసి, మొక్కయింది. అప్పు పుట్టింది. చాలనిచోట సరస్వతీబాయి నగలు తాకట్టుకు వెళ్లాయి. అలా మొదలైనదే రాజా హరిశ్చంద్ర. ఆడవాళ్లెవరూ నటించడానికి ముందుకు రాకపోతే, హోటలులో వంటపని చేసే సాలుంకే అనే యువకుడు తారామతి వేషం వేశాడు. ఫాల్కే కుమారుడు భాలచంద్ర లోహితాస్యుడయ్యాడు. చిత్ర బృందానికంతటికీ వండి పెట్టింది సరస్వతీబాయి. సుమారు 3,700 అడుగుల ఆ చిత్రం 1913 మే 3న బొంబాయి కొరోనేషన్ హాలులో ప్రజల ముందుకు వచ్చింది. అడుగుకు 16 చొప్పున దాదాపు 59 వేల బొమ్మలు!

తరువాత ఫాల్కే లంకాదహనం, కాళీయమర్దనం వంటి చిత్రాలు తీశారు. సినిమా ఎలా తయారవుతుందో చూపే చిన్న చిత్రం కూడా తీశారు. తాను కష్టపడి నేర్చుకున్న విద్యను దాచుకోలేదు. మాటల సినిమాలు వచ్చాక ఆయన వెనకబడిపోయారు. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో కన్నుమూశారు. 1969 నుంచి కేంద్ర ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారం ఇస్తోంది. మన బి.ఎన్. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్, అక్కినేని నాగేశ్వరరావు, కె. విశ్వనాథ్ గార్లు దాన్ని అందుకున్నారు. సరస్వతీబాయి పేరు తెలిసినవారు మాత్రం తక్కువ.

సినిమా తీయాలని ఉన్న విద్యార్థులకు ఒక చిన్న పని చెబుతాను. ఈ వేసవి సెలవుల్లో ఒక గింజ నాటండి. కదలని చోట ఫోను నిలిపి, రోజూ ఒకే వేళకు ఒక్క ఫోటో తీయండి. మధ్యలో ఒక్క రోజు కూడా మానకండి. బడి తెరిచాక తెచ్చి చూపించండి. చిత్రం చివర మీ పేరు వేసుకోండి. మీరు ఊరెళ్లిన రోజు ఆ మొక్కకు నీళ్లు పోసినవారి పేరు కూడా దాని పక్కనే వేయండి.