జీనులు కుట్టువాని కుమారుడు: లూయీ బ్రెయిలీ జీవితము

ధ్యాన భాగములు: మార్కు 2:1-12, యోహాను 9:1-7

కపెర్నహూములో పక్షవాయువుగల యొకనిని నలుగురు మనుష్యులు ఎత్తికొని ప్రభువునొద్దకు తెచ్చిన సంగతి మనమెరుగుదుము. జనులు గుంపుగా అడ్డమైనప్పుడు వారు వెనుకకు పోలేదు. ఇంటి కప్పు విప్పి, పరుపుతో కూడ అతనిని దింపిరి. ప్రభువు వారి విశ్వాసమును చూచెనని సువార్తికుడు వ్రాయుచున్నాడు. ఈ నెల మేము చెప్పబోవు చరిత్ర అట్టి యొక బిడ్డను గూర్చినది. ఆ బిడ్డను విడువక ఎత్తికొని వచ్చిన వారిని గూర్చినది.

ఫ్రాన్సు దేశములో పారిసు పట్టణమునకు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరములో కూవ్రే అను చిన్న గ్రామము కలదు. అక్కడ సిమోన్ రెనే బ్రెయిలీ అనునతడు గుఱ్ఱములకు జీనులు, కళ్లెములు కుట్టి జీవించుచుండెను. అతని భార్య పేరు మోనిక్. 1809 జనవరి 4వ తేదీన వారికి నాలుగవ సంతానముగా లూయీ పుట్టెను. ఆరెయు రంపెయు ఎరిగిన ఇండ్లు మన సంఘములలోను అనేకములున్నవి గనుక ఆ పనిశాల ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

1812లో, మూడేండ్ల లూయీ తండ్రి పనిశాలలో ఆడుకొనుచు వాడియైన పనిముట్టుతో తోలును పొడువబోగా అది జారి కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ దినములలో పుండు చీము పట్టకుండ ఆపు ఔషధములు లేవు. గాయపడిన కన్ను చెడి, ఆ జబ్బు రెండవ కంటికిని వ్యాపించెను. అయిదేండ్లు నిండునప్పటికి బిడ్డకు చూపు పూర్తిగా పోయెను.

ఆ తలిదండ్రుల హృదయ వేదన ఎంతటిదో ఊహింపవచ్చును. తండ్రి కడుపు నింపు పనిముట్టే బిడ్డ కన్నును పొడిచెను. ఆ కాలమున చూపులేని బీదవారు అనేకులు బిచ్చమెత్తి బ్రతుకుచుండిరి. అయినను సిమోన్, మోనికులు బిడ్డను మూలను కూర్చుండబెట్టలేదు. తండ్రి అతనికొక చిన్న కఱ్ఱ చేసి యిచ్చి, దారి తట్టుచు నడచుట నేర్పెను. పనిశాలలో అతని చేతికి తగిన పని యిచ్చెను. చెక్కమీద మేకులు అక్షరముల రూపముగా కొట్టి, కుమారుని వ్రేళ్లు పట్టి వాటిమీద నడిపించెను. అక్షరము కంటితో మాత్రమే కాదు, వ్రేలితోను తెలిసికొనవచ్చునని ఆ బిడ్డకు మొదట నేర్పినవాడు తోలుపనివాడైన తండ్రియే.

1815లో జాక్ పాల్వీ అను గురువు ఆ గ్రామ దేవాలయమునకు వచ్చెను. ఆయన రోమను కతోలిక గురువు, మనము మరియొక శాఖవారము. అయినను ఆయన చేసిన పని ప్రతి కాపరియు నేర్చుకొనదగినది. ఆయన లూయీని తనయొద్ద కూర్చుండబెట్టుకొని పాఠములు చెప్పెను. పిమ్మట ఊరి బడికి తీసికొనిపోయి చేర్చుకొమ్మని అడిగెను. ఉపాధ్యాయుడైన అంత్వాన్ బెషెరే కాదనలేదు. చూపున్న పిల్లల మధ్య కూర్చుండి, విని, జ్ఞాపకముంచుకొని లూయీ అందరికంటె ముందుండెను. కాపరి అంతటితో తృప్తిపడక, ఆ ప్రాంతపు ప్రభువు సహాయముతో పారిసులోని అంధ బాలుర పాఠశాలలో అతనికి చోటు సంపాదించెను. 1819 ఫిబ్రవరిలో పదేండ్ల లూయీ ఆ పాఠశాల ప్రవేశించెను.

ఆ పాఠశాలను అంతకు ముప్పదియేండ్లకు పైగా పూర్వము వాలెంటిన్ ఆవీ అను దయాళువు స్థాపించెను. అక్కడి పుస్తకములలో మామూలు అక్షరములనే పెద్దవిగా, ఉబ్బెత్తుగా అచ్చువేసిరి. అవి మిక్కిలి బరువైనవి, చదువుట ఆలస్యము. పైగా వాటివలన చదువవచ్చును గాని పిల్లలు స్వయముగా వ్రాయలేరు. 1821లో బార్బియే అను పూర్వ సైనికోద్యోగి, ఉబ్బెత్తు చుక్కలతో వ్రాయు తన పద్ధతిని ఆ పాఠశాలకు తెచ్చెను. అందులో ఒక్కొక్క గుర్తుకు 12 చుక్కల వరకు ఉండుటవలన వ్రేలికొన క్రింద ఇమడకపోయెను. మాటల వర్ణక్రమమునకును అందులో చోటులేదు. లూయీ మూడేండ్లు శ్రమపడి ఆ చుక్కలను ఆరింటికి తగ్గించెను. 1824 నాటికి, 15 ఏండ్ల ప్రాయములో, అతని లిపి రూపు దిద్దుకొనెను. ఆరు చుక్కలను మార్చి మార్చి పెట్టినయెడల 63 గుర్తులు ఏర్పడును. అక్షరములు, అంకెలు, సంగీత స్వరములు అన్నియు వాటిలో ఇమిడెను. 1829లో ఆ పద్ధతిని పుస్తకముగా ప్రకటించిరి.

1831లో తండ్రి మరణించెను. మరణశయ్యమీద ఆయన కోరిన కోరిక, తన కుమారుని ఎన్నడును విడిచిపెట్టవలదని పాఠశాల అధికారికి జాబు వ్రాయించుటయే. ఇట్టి పిల్లలుగల ప్రతి తలిదండ్రుల గుండెలోను ఈ భయము దాగియున్నది: మా తరువాత వీనికెవరు?

లూయీ ఆ పాఠశాలలోనే ఉపాధ్యాయుడయ్యెను. పారిసు దేవాలయములలో ఆర్గను వాయించెను. అయినను అతని లిపిని పెద్దలు త్వరగా అంగీకరింపలేదు. 1840లో వచ్చిన క్రొత్త అధికారి దానిని పాఠశాలలో వాడనియ్యలేదు. పిల్లలు దాచుకొని వ్రాసికొనిరి. తుదకు 1844లో క్రొత్త భవన ప్రారంభ దినమున అందరియెదుట దానిని పరీక్షించి చూపగా దాని విలువ తేటపడెను. ఇంతలో క్షయవ్యాధి లూయీని క్రుంగదీసెను. 1852 జనవరి 6న, 43 ఏండ్లు నిండిన రెండు దినములకు, అతడు ప్రభువునందు నిద్రించెను. తెరువక కాల్చివేయుడని అతడు చెప్పిన చిన్న పెట్టె యొకటి మిగిలెను. తెరచి చూడగా, బీద విద్యార్థులకు తానిచ్చిన అప్పుల పత్రములు అందులోనుండెను. ఆ బాకీలు ఎవరును తీర్చనక్కరలేదని అతని కోరిక.

1854లో ఫ్రాన్సు ఆ లిపిని అధికారముగా అంగీకరించెను. 1952లో అతని అస్థికలను పారిసులోని మహనీయుల సమాధి మందిరమునకు తరలించిరి. చేతులు మాత్రము కూవ్రే గ్రామములోనే నిలిచియున్నవి. మన దేశములో 1887లో అన్నీ షార్ప్ అను మిషనెరీ అమృతసరులో అంధులకు మొదటి పాఠశాల తెరచెను. 1951 నుండి భారతీ బ్రెయిలీ అను పేరుతో, మన తెలుగుతో సహా ఈ దేశ భాషలకు ఒకే ఏర్పాటు కలిగెను.

ప్రియులారా, మేము ఒప్పుకొనవలసిన తప్పు ఒకటి కలదు. ఒక ఇంటికి ప్రార్థన నిమిత్తము అనేక పర్యాయములు వెళ్లితిమి. ఆ ఇంట మాటలురాని, మందబుద్ధిగల ఆడబిడ్డ యున్నదని మాకు తెలియును. మేము వెళ్లినప్పుడెల్ల తల్లి ఆ బిడ్డను వెనుక గదిలో నుంచి తలుపు మూసెడిది. ఆమెకు సిగ్గు కలుగునేమోయని మేము అడుగలేదని చెప్పుకొంటిమి. నిజమేమనగా, ఏమి చెప్పవలెనో తెలియక తప్పించుకొంటిమి. పాల్వీ గారి సంగతి చదివిన పిమ్మట మరల వెళ్లి, అమ్మా, బిడ్డ పేరేమని అడిగితిమి. ఆమె చాలసేపు ఏడ్చి ఆ పేరు చెప్పెను. అంతవరకు మా ప్రార్థనలలో ఆ పేరు లేదు.

ఎవరి పాపమని అడిగిన శిష్యులతో, వానిదియు కాదు, వాని కన్నవారిదియు కాదని ప్రభువు తేల్చి చెప్పెను. కావున ఆ ప్రశ్న మన నోట రాకూడదు. చేయదగిన పనులు చాల కలవు. ఆరాధన జరుగునప్పుడు ఆ బిడ్డను కొంతసేపు మన ఒడిలోనికి తీసికొనిన, తల్లి నెమ్మదిగా వాక్యము వినును. వైకల్య ధ్రువపత్రము కొరకు సర్కారు ఆసుపత్రికి వెళ్లు తండ్రికి చదువు వచ్చిన యువకుడొకడు తోడుపోవచ్చును. 2016 నాటి చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. ఆ ధ్రువపత్రములో 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము నమోదైన, 6 మొదలు 18 ఏండ్లలోపు పిల్లలకు సమీప బడిలోనైనను ప్రత్యేక పాఠశాలలోనైనను ఉచిత విద్య హక్కుగా నిచ్చుచున్నది. బడిపంతులు గారితో మాటలాడుటకు కాపరియు పెద్దలును కలిసి వెళ్లవలెను.

తండ్రి, తల్లి, కాపరి, ఉపాధ్యాయుడు: ఈ నలుగురు లేనియెడల లూయీ కూవ్రే వీధులలో చేయిచాచి యుండవచ్చును. మన గ్రామములలో తలుపుల వెనుకనున్న బిడ్డలకు ఆ నలుగురు ఎవరు?

ప్రార్థన: ప్రభువా, మా మధ్యనున్న బలహీనమైన బిడ్డలను పేరుపేరున పిలుచుటకు మాకు ప్రేమను దయచేయుము. వారి తలిదండ్రుల భారమును పంచుకొను భుజములను మాకనుగ్రహించుము. ఆమేన్.