పరుగు వీరుడు జాటోపెక్

కొందరికి బలము పుట్టుకతో వచ్చును. కొందరు దానిని పూనికతో సంపాదించుకొందురు. చెకొస్లొవేకియా దేశీయుడైన ఎమిల్ జాటోపెక్ ఈ రెండవ కోవకు చెందినవాడు.

ఇతడు 1922వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన కొప్రివ్‌నిచె అను చిన్న పట్టణమున ఒక వడ్రంగి యింట జన్మించెను. పదునారవ యేట జ్లీన్ పట్టణమున బాటా పాదరక్షల కర్మాగారమున పనికి కుదిరెను. 1941లో ఆ కర్మాగారమువారు జరిపిన పరుగుపందెమున పాల్గొనుమని పైవారు నిర్బంధింపగా, ఇష్టము లేకున్నను పరుగెత్తి, సుమారు నూర్గురిలో రెండవవాడుగా వచ్చెను. నాటినుండి పరుగే యతనికి వ్రతమయ్యెను.

అతని సాధన కఠోరమైనది. నాలుగువందల మీటర్లు వేగముగ పరుగెత్తి, కొంతదూరము మెల్లగా సాగి, మరల వేగ మందుకొనుచు, ఒక్క దినముననే ఇట్లు పదులకొలది పర్యాయములు చేసెడివాడు. సైన్యమున చేరిన పిదప బరువైన బూట్లతోను, చీకటిలోను సైతము సాధన మానలేదు. పరుగెత్తునపుడు మొగము ముడుచుకొని, తల ప్రక్కకు వాలి, ఇక పడిపోవునేమో యని చూపరులకు తోచెడిది. కాని వెనుకబడువారు తక్కినవారే.

ఐరోపా ఖండ క్రీడాపోటీలు 1934లో ఇటలీలోని టూరిన్ నగరమున ఆరంభమయ్యెను. 1938 తరువాత యుద్ధమువలన నాలుగేండ్ల క్రమము తప్పి, 1946లో ఆస్లో నగరమున మరల జరిగెను. అచ్చట 5,000 మీటర్ల పందెమున జాటోపెక్ ఐదవవాడయ్యెను. ఆ యోటమి యతనిని క్రుంగదీయలేదు. 1948లో లండను ఒలింపిక్సున 10,000 మీటర్లలో స్వర్ణపతకము గెలిచెను.

1950లో బ్రస్సెల్సున ఐరోపా పోటీలకు కొలదిదినములు ముందు చెడిన ఆహారము తిని ఆసుపత్రి పాలయ్యెను. అయినను లేచివచ్చి, 10,000 మీటర్లలో రెండవవానికన్న నిమిషమునకు పైగా ముందు గమ్యము చేరెను. 5,000 మీటర్లలోను ప్రథముడయ్యెను. 1952లో హెల్సింకి ఒలింపిక్సున ఈ రెండు పందెములను గెలుచుటయేగాక, అంతకుమున్ను ఎన్నడును పాల్గొనని మారథాను పందెమునను జయించెను. 1954లో బెర్న్ నగరపు ఐరోపా పోటీలలో 10,000 మీటర్ల విజేతగా నిలిచెను. అచ్చటనే ఆతని భార్య డానా ఈటెవిసరుటలో విజేత యయ్యెను. ఆ దంపతులిరువురు ఒకే దినమున జన్మించినవారు.

ఆతని హృదయమును పెద్దది. అనేక ప్రపంచరికార్డులు నెలకొల్పియు ఒలింపిక్ స్వర్ణమునకు నోచుకొనని ఆస్ట్రేలియా వీరుడు రాన్ క్లార్కునకు 1966లో తన స్వర్ణపతకములలో నొకదానిని కానుకగా నొసగెను.

1968లో దేశమున స్వేచ్ఛను కోరినవారి పక్షమున నిలిచి, సోవియట్ సేనల ప్రవేశమును బహిరంగముగ నిరసించెను. ఫలితముగా కమ్యూనిస్టు పార్టీనుండి బహిష్కృతుడై, సైన్యములోని కర్నలు పదవిని గోల్పోయెను. భూమిని తొలుచు పనివారితో చేరి, ఇంటికి దూరముగ బండ్లలో నివసించుచు కాలము గడపెను. ఒత్తిడికి లోనై కొంతకాలమునకు తన మాటలను ఉపసంహరించుకొనెను. మైదానమున అలసట నెరుగనివానిని సయితము కాలము అలయించెను. ప్రభుత్వము మారిన పిదప, 1990లో, ఆతని గౌరవము ఆతనికి తిరిగి దక్కెను. 2000 నవంబరు మాసమున ప్రేగ్ నగరమున పరమపదించెను.

సాధన చేతిలో నున్నది. కాలము చేతిలో లేదు. చేతిలో నున్నదానిని విడువక పట్టినవాడు జాటోపెక్. యువకులు గ్రహింపదగిన దిదియే.