అట్టముక్కలకు అడ్రస్ ఇచ్చిన మనిషి

పాత బేస్‌బాల్ ఆటల్ని సేకరించేవాళ్లు ఒక చిత్రమైన భాష మాట్లాడుకుంటారు. డబ్ల్యూజీ2, డబ్ల్యూజీ5, టీ206... అన్నీ కోడ్‌లే! డబ్ల్యూజీ2 అంటే 1906 ప్రాంతంలో అమెరికాలోని సిన్సినాటిలో వచ్చిన ఫ్యాన్ క్రేజ్ అనే కార్డుల ఆటలో అమెరికన్ లీగ్ సెట్. కార్డు మీద ఆటగాడి ఫొటో ఉంటుంది. దాంతోపాటే బంతికి ఏమైందో చెప్పే మాట ఉంటుంది. కార్డులు తిప్పుతూ ఇంట్లో బల్ల మీదే మ్యాచ్ ఆడేయొచ్చు.

మరి ఈ కోడ్‌లు ఎవరు పెట్టారు? ఆట తయారుచేసిన కంపెనీ కాదు, యూనివర్సిటీ కమిటీ కూడా కాదు. కీళ్లవాతంతో వేళ్లు సరిగా వంగని ఓ ఫ్యాక్టరీ కార్మికుడు పెట్టారు. ఆయన పేరు జెఫర్సన్ బర్డిక్. కార్డుల సేకరణకు పితామహుడిగా అమెరికాలో ఆయన్ని ఇప్పటికీ తలచుకుంటారు.

బర్డిక్ 1900లో న్యూయార్క్ రాష్ట్రంలో, సిరక్యూజ్ దగ్గరి పల్లె ప్రాంతంలో పుట్టారు. అప్పట్లో సిగరెట్ పెట్టెల్లో చిన్న బొమ్మల కార్డులు వచ్చేవి. పెద్దవాళ్లు సిగరెట్ కాల్చేసి పెట్టె పారేస్తే, పిల్లలు ఆ కార్డుల కోసం ఎగబడేవారు. పెద్దయ్యాక చాలామంది వాటిని మర్చిపోయారు. బర్డిక్ మర్చిపోలేదు.

పెద్ద ఉద్యోగమేమైనా చేశారా అంటే, లేదు. కీళ్ల జబ్బు చిన్న వయసులోనే పట్టుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ ముదిరింది. సిరక్యూజ్‌లోని క్రౌజ్ హైండ్స్ అనే విద్యుత్ పరికరాల కంపెనీలో విడిభాగాలు బిగించే పని చేశారు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో మిగిలిందీ, సాయంత్రాలు మిగిలిందీ కార్డులకే ఖర్చయ్యేది.

ఇక్కడిదాకా అయితే ఇది మామూలు హాబీ కథే. బర్డిక్‌ను మిగతా వాళ్ల నుంచి వేరు చేసింది ఒక ప్రశ్న. ఊరికొకరు చొప్పున సేకరించేవాళ్లు ఉన్నారు, ఉత్తరాల మీద కార్డులు మార్చుకుంటున్నారు. కానీ తన దగ్గరున్నది ఏ కార్డో ఎదుటివాడికి ఎలా చెప్పాలి? చాలా కార్డుల మీద సెట్ పేరుండదు, సంవత్సరం ఉండదు. సరుకు బోలెడంత ఉంది. దాని గురించి చెప్పుకోవడానికి ఉమ్మడి భాషే లేదు.

ఆ భాషను ఆయన తయారుచేశారు. 1937లో సేకర్తల కోసం ఒక చిన్న పత్రిక మొదలుపెట్టారు. 1939లో మొదటి కేటలాగ్ తెచ్చారు. తర్వాత అదే అమెరికన్ కార్డ్ కేటలాగ్ అయింది. పద్ధతి చాలా సింపుల్. 19వ శతాబ్దపు పొగాకు కార్డులకు ఎన్, 20వ శతాబ్దపు వాటికి టీ, తొలినాటి మిఠాయి కార్డులకు ఈ. అక్షరం పక్కన సెట్ నంబరు. ఆటల పెట్టెల్లో వచ్చిన కార్డులకు డబ్ల్యూజీ. అంతే. ఎక్కడో మూలనున్న అట్టముక్కకు కూడా ఒక అడ్రస్ దొరికింది.

1909-11 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఒక సెట్‌కు టీ206 అనే పేరు అలా వచ్చిందే. అందులో హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. బర్డిక్ కాలంలో చాలా కార్డుల ధర సెంట్లలో ఉండేది.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. తన సేకరణ చెల్లాచెదురు కాకుండా ఉండాలంటే ఎక్కడ పెట్టాలి? బర్డిక్ నేరుగా న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకే ఇస్తానన్నారు. గొప్ప చిత్రకారుల పనులుండే చోట సిగరెట్ కార్డులా అని నవ్వేవాళ్లు ఉంటారు. కానీ ప్రింట్స్ విభాగం క్యురేటర్ హయాట్ మేయర్ సరేనన్నారు. మామూలు జనం చేతుల్లో తిరిగిన అచ్చుబొమ్మలు కూడా చరిత్రేనని ఆయనకు తెలుసు. అయితే వాటిని వర్గీకరించి ఆల్బమ్‌లలో అతికించే పని బర్డిక్కే చేయాలి.

1947లో కార్డులు మ్యూజియానికి వెళ్లడం మొదలైంది. మొత్తం 3 లక్షలకు పైగా ఉన్నాయి. వాటిలో బేస్‌బాల్ కార్డులే 30 వేలకు పైగా. ఒక్కోటీ తీయాలి, చూడాలి, వరుసలో పెట్టాలి, జిగురు రాయాలి. చేయాల్సింది రోజురోజుకీ బిగుసుకుపోతున్న వేళ్లు! చివరి సంవత్సరాల్లో ఆయన న్యూయార్క్‌కే మకాం మార్చి, మ్యూజియంలో ఓ మూల చిన్న బల్ల దగ్గర కూర్చుని పని చేశారు. కార్డుకు జిగురు పెడితే మార్కెట్లో రేటు పడిపోతుంది. అమ్మే ఉద్దేశమే లేని మనిషికి ఆ బెంగ ఎందుకు?

వేళ్లు ముందు ఆగిపోతాయా, కార్డులు ముందు అయిపోతాయా అన్నట్టు సాగిందా పోటీ. 1963 జనవరి 10న ఆఖరి కార్డు అతికించారు. మర్నాడే ఆసుపత్రిలో చేరారు. రెండు నెలలు దాటగానే, మార్చి 13న కన్నుమూశారు. తమాషా ఏంటంటే, ఆయన ఒక్క పెద్ద లీగ్ మ్యాచ్‌కు కూడా వెళ్లలేదంటారు.

ఈ పని బర్డిక్‌కు జీతం ఇవ్వలేదన్న మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. పొట్టపోసింది ఫ్యాక్టరీయే. కాబట్టి ఉద్యోగ వేట మానేసి హాబీ పట్టుకోమని దీనర్థం కాదు. అయితే చిందరవందరగా ఉన్నదాన్ని పదిమందికీ పనికొచ్చేలా వరుసలో పెట్టడం ఒక నైపుణ్యం. లైబ్రరీ సైన్స్, ఆర్కైవ్స్, మ్యూజియాలజీ, డేటా ఉద్యోగాలు... అన్నిట్లోనూ అడిగేది అదే. మీకు బాగా తెలిసిన విషయం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మీ ఊరి పాత సినిమా పోస్టర్లు కావొచ్చు, బస్ టికెట్లు కావొచ్చు. ఓ వంద పోగేసి, కొత్తవాడు చూసినా అర్థమయ్యేలా జాబితా రాసి చూడండి. ఇంటర్వ్యూలో మీరేం చేయగలరని అడిగితే, ఆ జాబితాను బల్ల మీద పెట్టి మాట్లాడొచ్చు.