కోసూరి వెంకటరత్నం

కోసూరి వెంకటరత్నం (కె.వి.రత్నం) రాజమండ్రికి చెందిన కలాల తయారీదారు. రత్నం పెన్ను పేరుతో ప్రసిద్ధి చెందిన ఫౌంటెన్ పెన్నుకు ఇతడు రూపకర్త. మహాత్మా గాంధీ సూచనతో ఈ పనికి పూనుకొని, 1932లో రాజమండ్రిలో రత్నం పెన్ వర్క్స్ స్థాపించాడు. 1935లో గాంధీ ఇతని కలాన్ని వాడి చూసి, మెచ్చుకొంటూ స్వయంగా లేఖ వ్రాశాడు.

భారతదేశంలో తయారైన మొట్టమొదటి కలం రత్నం పెన్నే అని తరచుగా వ్రాస్తుంటారు. ఇది పూర్తిగా సరికాదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలోనే కాశీలో రాధికానాథ్ సాహా లక్ష్మి అనే పేరుతో స్టైలో కలాలు చేసి పేటెంట్లు పొందాడు. కలకత్తాలో ఎఫ్.ఎన్.గుప్త సంస్థ కలాలను, పాళీలను తయారుచేసింది. రత్నం ప్రత్యేకత మొదటివాడు కావడంలో లేదు. ఒక చిన్న పట్టణంలో, చేతిపనివాని పనిముట్లతో, బజారులోని విదేశీ కలానికి బదులుగా నిలువగల కలాన్ని చేయవచ్చునా అనే ప్రశ్నకు ఇతడు సమాధానం చూపించాడు.

నేపథ్యం

ఆనాటి రాజమండ్రి మద్రాసు రాజధానిలోని తూర్పు గోదావరి ప్రాంతంలో విద్యకు, ముద్రణకు కేంద్రం. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఇక్కడకు వచ్చి ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం వాటిని తెనిగించాడు. ఆ ఊపులోనే ట్రైనింగ్ కళాశాల విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వచ్చారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాల నుండి బహిష్కృతుడయ్యాడు. విదేశీ బట్ట, విదేశీ ఉప్పు, విదేశీ పంచదార మానాలన్న మాట నాటినుండి ఈ పట్టణంలో వినబడుతూనే ఉంది. అయితే ఆ ప్రతిజ్ఞలను కాగితంపై పెట్టిన కలాలు మాత్రం చాలావరకు విదేశాలనుండి దిగుమతి అయినవే. ఖద్దరు కట్టిన వకీలు జేబులో కూడా ఇంగ్లండు కలమో, అమెరికా కలమో ఉండేది.

ఫౌంటెన్ పెన్ను అప్పట్లో సామాన్యుని వస్తువు కాదు. పిల్లలు పలక, బలపంతో అక్షరాలు దిద్ది, ఆపైన కర్రపిడికి ఉక్కుపాళీ తొడిగిన కలాన్ని సిరాబుడ్డిలో ముంచి వ్రాసేవారు. నాలుగైదు మాటలకొకసారి ముంచవలసి రావడం, కాగితంపై సిరా మరకలు పడడం మామూలే. సిరాను తనలోనే నింపుకొని ధారగా వ్రాసే కలం గుమాస్తాలకు, ఉపాధ్యాయులకు ఎంతో సదుపాయం. కాని దాని ధర వారిని దూరంగా ఉంచింది.

గాంధీ సూచన

రత్నం వృత్తిరీత్యా నగలపనికి సంబంధించినవాడు. అచ్చులు చెక్కడంలో నేర్పరి. కుటుంబ కథనం ప్రకారం 1921లో ఇతడు వార్ధాలో గాంధీని కలిసి తాను చేసిన అచ్చును చూపించాడు. గాంధీ ఆ పనితనాన్ని మెచ్చుకొన్నాడు. అయితే ఇంత నేర్పు ఉన్న చేతులు సామాన్యులకు నిత్యం పనికివచ్చే వస్తువు చేస్తే బాగుంటుందని, గుండుసూది మొదలు కలం వరకు ఏదైనా కావచ్చునని సూచించాడని చెబుతారు. రత్నం కలాన్ని ఎంచుకొన్నాడు. చిన్న వస్తువుల మీద సూక్ష్మంగా పనిచేయడానికి అలవాటుపడిన కంసాలి చేతికి ఇది తగిన పనే.

ఈ మాట తర్వాత కలం బయటకు రావడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. సోదరుని సహాయంతో ప్రయత్నాలు సాగించి, 1932లో రాజమండ్రి కోటగుమ్మం ప్రాంతంలో కర్మాగారం నెలకొల్పాడు. కర్మాగారమని పేరేగాని, ఒకటి రెండు లేత్‌లు, ఆకురాళ్ళు, మర కోసే పనిముట్లు, మెరుగు పెట్టే గుడ్డలు ఉన్న గది అనుకొంటే ఎక్కువ సరిగా ఉంటుంది. ఇదే కాలంలో దేశంలోని ఇతర ప్రాంతాలలోనూ ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. 1931లో బొంబాయిలో డి.పి.దండేకర్ సిరా తయారీ ప్రారంభించాడు, అదే తరువాత కామ్లిన్ అయింది. 1934లో బెంగాలులో సులేఖ సిరా వచ్చింది. కలం, సిరా రెండూ దేశంలోనే దొరకాలన్న కోరిక ఒకేసారి పలుచోట్ల పనిచేసిందన్నమాట.

పాళీ సమస్య

కలంలో కష్టమైన భాగం పాళీ. ఒంటిని, మూతను ఎబొనైటు కడ్డీ నుండి లేత్ మీద కోసి తీయవచ్చు. ఎబొనైటు అంటే గంధకం ఎక్కువ పాళ్ళలో కలిపి వేడిచేసి గట్టిపరచిన రబ్బరు. సిరాలోని ఆమ్లాలకు అది చెడదు. పాళీ కింద ఉండే నాలిక కూడా ఎబొనైటుదే. దానిలో సన్నని గాడులు కోస్తారు. ఇవన్నీ నేర్పుగల చేతికి లొంగుతాయి. పాళీ అలా కాదు. పలుచని రేకును వంచి, నడుమ వెంట్రుకవంటి చీలిక కోసి, కొసన ఇరిడియం, ఆస్మియం వంటి గట్టి లోహపు బొట్టును అతికి, రెండు ముక్కలూ సమానంగా కాగితాన్ని తాకేలా అరగదీయాలి. చీలిక ఎక్కువ వెడల్పయితే సిరా కారుతుంది, బిగిసిపోతే దిగదు.

ఆనాటి సిరాలు ఉక్కును తినేసేవి. అందుకే మంచి కలాలకు బంగారు పాళీ వేసేవారు. మేలిమి బంగారం మెత్తన, వంగిపోతుంది. అందువలన 14 కారట్లది, అంటే నూటికి సుమారు 58 పాళ్ళు బంగారం ఉన్న మిశ్రమాన్ని వాడడం వాడుక. బంగారంలో ఏది ఎంత కలిపితే ఎలా నిలబడుతుందో కంసాలికి కొత్త విద్య కాదు. రత్నం విజయంలో ఈ అంశానికి ఇవ్వవలసినంత ప్రాధాన్యం సాధారణంగా ఇవ్వరు.

1933 డిసెంబరులో హరిజన యాత్రలో భాగంగా గాంధీ రాజమండ్రి వచ్చాడు. రత్నం తన కలాన్ని చూపగా, దానిలోని భాగాలన్నీ స్వదేశీయేనా అని గాంధీ అడిగాడని, కొన్ని విదేశాలవని తెలిసి తీసుకోలేదని స్థానికంగా చెప్పుకొంటారు. ఈ కథలోని వివరాలు చెప్పేవారిని బట్టి మారుతుంటాయి. అయితే గాంధీ స్వభావానికి ఇది అనుగుణంగానే ఉంది. స్వదేశీ అంటే పైన అంటించిన పేరు కాదు, లోపలి భాగాలు కూడా ఇక్కడివే కావాలనేది ఆయన పట్టుదల. శ్రీకాకుళం ప్రాంతంలోని పొందూరు సన్నఖద్దరు ఆయన మెప్పు పొందడానికి ఇదొక కారణం. అక్కడ పత్తి స్థానికంగా పండినదే, రాట్నం స్థానికమే, చివరకు పత్తిని దువ్వడానికి వాడే వాలుగ చేప దవడ కూడా అక్కడి నీటిదే. కలానికి అటువంటి సౌలభ్యం లేదు. పొందూరు వడుకరులకు తరతరాలుగా వచ్చిన పనిముట్లు ఉన్నాయి. రత్నం మాత్రం తన పనిముట్లను, తన పద్ధతిని తానే సమకూర్చుకోవలసి వచ్చింది.

1935 లేఖ

1934 డిసెంబరులో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. దాని కార్యదర్శి జె.సి.కుమారప్ప. లెక్కలలో ఈయన ఎంత ఖచ్చితమైనవాడంటే, బీహారు భూకంప సహాయ నిధి లెక్కలు చూస్తున్నప్పుడు గాంధీ పరివారానికయ్యే ఖర్చును ఆ నిధి నుండి ఇవ్వడానికి అభ్యంతరం చెప్పాడని ప్రసిద్ధి. రత్నం తన కలాన్ని ఈ కుమారప్ప ద్వారానే గాంధీకి పంపాడు. కలం స్వదేశీదనే మాట కుమారప్ప చేతుల మీదుగా రావడం వలన దానికి బలం చేకూరింది.

1935 జూలై 16న గాంధీ వార్ధా నుండి రత్నానికి లేఖ వ్రాశాడు. కుమారప్ప ద్వారా అందిన కలానికి కృతజ్ఞత తెలుపుతూ, దానిని తాను వాడి చూశానని, బజారులలో కనబడే విదేశీ కలాలకు అది మంచి ప్రత్యామ్నాయంగా తోస్తున్నదని పేర్కొన్నాడు. లేఖ చాలా క్లుప్తంగా ఉంటుంది. ప్రపంచంలోకెల్లా గొప్ప కలమని గాంధీ అనలేదు. వాడకుండా మెచ్చుకోనూ లేదు. బదులుగా నిలబడగలదని మాత్రమే అన్నాడు. పనివానికి నిజంగా ఉపయోగపడే మెప్పు ఇదే. దీని తరువాత రత్నం పెన్నుకు దేశవ్యాప్తంగా పేరు వచ్చింది. స్వాతంత్ర్యోద్యమ నాయకులలో పలువురు దీనిని వాడారు. గాంధీ లేఖను రాజమండ్రి దుకాణంలో చట్రం కట్టించి ప్రదర్శిస్తున్నారు.

కలం నిర్మాణం, వాడకం

రత్నం కలాలు ప్రధానంగా ఫిల్లరుతో సిరా నింపేవి. లోపల రబ్బరు సంచి గాని, పిస్టన్ గాని ఉండదు. మెడను మరతిప్పి విప్పి, ఒంటినిండా నేరుగా సిరా పోస్తారు. చెడిపోవడానికి భాగాలు తక్కువ. సిరా ఎక్కువ పడుతుంది. ఖరీదు తగ్గడానికి ఇదే ముఖ్య కారణం. ఈ పద్ధతిని తరువాతి కాలంలో ఆంధ్ర దేశంలోని చాలామంది కలం తయారీదారులు అనుసరించారు.

దీనికి ఒక ఇబ్బంది ఉంది. సిరా మూడవ వంతుకు తగ్గాక, ఖాళీలోని గాలి చేతి వేడికి వ్యాకోచించి సిరాను ముందుకు తోస్తుంది. కాగితంపై హఠాత్తుగా బొట్టు పడుతుంది. పరీక్ష హాలులో చొక్కాకు, జవాబు పత్రానికి మరకలు అంటించుకొన్న విద్యార్థులు కోటబొమ్మాళి నుండి కొవ్వూరు దాకా ఉంటారు. సిరా అడుగంటేవరకు ఆగక ముందే నింపుకోవడం దీనికి విరుగుడు. ఎబొనైటు ప్లాస్టిక్ కంటే వేడిని నెమ్మదిగా లోపలికి పోనిస్తుంది కనుక ఇబ్బంది కొంత తక్కువ. అయితే ఎండలో ఎక్కువకాలం ఉంటే నల్లని ఎబొనైటు గోధుమరంగుకు తిరుగుతుంది.

కొత్తగా ఫౌంటెన్ పెన్ను మొదలుపెట్టేవారు తక్కువ ధరలో కలం ఎంచుకోవడానికి రత్నం పద్ధతిలోని కొన్ని సంగతులు ఇప్పటికీ పనికివస్తాయి. డబ్బు మొదట పాళీకి పెట్టాలి, ఒంటి మెరుపుకు కాదు. బంగారు పాళీ తొలి కలానికి అనవసరం. ఈనాటి తుప్పుపట్టని ఉక్కుపాళీలు మామూలు సిరాలకు చాలినంత మన్నుతాయి. కొనేముందు దుకాణంలోనే సిరాలో ముంచి, చేయి నొక్కకుండా సున్నలు, అడ్డగీతలు, తెలుగు గుడులు, సుడులు వ్రాసి చూడాలి. తెలుగు లిపిలో గీత అన్ని దిక్కులకూ తిరుగుతుంది కనుక, ఒక దిక్కున గీరే పాళీ రెండు పంక్తులలోనే బయటపడుతుంది. చిన్న అక్షరాలకు, పలుచని నోటుపుస్తకపు కాగితానికి సన్నపాళీ మేలు. పాళీ, నాలిక విడిగా దొరికి మార్చుకోగల కలమైతే కిందపడి వంగినా మొత్తం పారవేయనక్కరలేదు. లక్క కలిసిన చిత్రలేఖన సిరాను ఫౌంటెన్ పెన్నులో పోయరాదు, నాలిక గాడులు పూడిపోతాయి. కొన్ని వారాలకొకసారి మామూలు నీటితో కడిగితే చాలు, వేడినీరు వద్దు.

బాల్‌పెన్నుకు అలవాటైన చేయి మొదట్లో ఎక్కువగా నొక్కుతుంది. చవక కలాలు చెడిపోవడానికి తయారీ లోపం కంటే ఇదే పెద్ద కారణం.

తరువాతి కాలం

రత్నం ప్రారంభించిన పని రాజమండ్రిని కలాలకు పేరుపడిన ఊరుగా చేసింది. 1946లో ఇదే పట్టణంలో గైడర్ పెన్స్ మొదలైంది. లేత్ మీద చేతితో ఎబొనైటు కలాలు తీసే ఈ వృత్తి ఇక్కడ కొన్ని కుటుంబాలలో కొనసాగుతున్నది. బాల్‌పెన్నులు వచ్చాక పాఠశాలల నుండి సిరా కలాలు క్రమంగా తప్పుకొన్నాయి. రత్నం కుటుంబం కూడా బాల్‌పెన్నుల తయారీని చేపట్టింది. ఇరవై ఒకటవ శతాబ్దంలో చేతితో చేసిన కలాలపై మళ్ళీ ఆసక్తి పెరిగి, దేశవిదేశాల సేకర్తలు రాజమండ్రి ఎబొనైటు కలాల కోసం వెదకడం మొదలుపెట్టారు. దానితో ఒక చిక్కు కూడా వచ్చింది. చవక వస్తువుగా పుట్టిన కలాన్ని సేకర్తలు కోరుకొనేసరికి, కొన్ని రకాల ధర విద్యార్థికి అందనంత పెరిగింది. ఉక్కుపాళీ రకాలు మాత్రం తక్కువ ధరకు దొరుకుతాయి.

రత్నం తరువాత అతని వారసులు వేరువేరుగా వ్యాపారం సాగించారు. అందువలన రత్నం పెన్ను, రత్నంసన్ పెన్ను అని రెండు పేర్లు కనబడతాయి. రెండింటికీ మూలం ఈ కుటుంబమే. కొన్నవారు కోరితే కలం ఒంటిపై వారి పేరును చేతితో చెక్కి ఇచ్చే ఆనవాయితీ రాజమండ్రి దుకాణాలలో ఉంది.