తుడిచినను నిలిచిన వ్రాత



యూదా రాజైన యెహోయాకీము చలికాలమున కుంపటి యెదుట కూర్చుండి, యిర్మీయా పలికించిన గ్రంథమును ముక్కలుగా కోయించి కాల్చివేసిన సంగతి మనమెరుగుదుము. బారూకు మరల కలము పట్టెను. అవే మాటలు వ్రాసి, మరికొన్ని చేర్చెను. అట్టి పోరాటము మన జిల్లాలోను ఒకప్పుడు జరిగినది.

ఆర్మూరు నుండి నిజామాబాదు మార్కెట్టుకు పసుపు బస్తాలు తీసికొనిపోవువారు అక్కడి ఖిల్లా గుట్టను ఎరుగుదురు. నిజాము కాలములో ఆ ఖిల్లా చెరసాలగా నుండెను. అందులో బంధింపబడినవారిలో వట్టికోట ఆళ్వారుస్వామి గారొకరు.

ఆయన 1915లో నల్లగొండ జిల్లా చెరువు మాదారములో పేద యింట పుట్టెను. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొనెను. ఒక ఉపాధ్యాయుని యింట వంట చేయుచు చదువు నేర్చుకొనెను. విజయవాడలో హోటలు పని చేసెను. పిమ్మట గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దెను.

ఆ దినములలో సభ జరుపవలెనన్న సర్కారు అనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు ప్రజల నోటికి తాళము వేసెను. పల్లెలలో దొరల పెత్తనము, వెట్టిచాకిరి ఉండెను. ఈ రోగమునకు ఆళ్వారుస్వామి గారు కనుగొన్న మందు పుస్తకము. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ముప్పదికి పైగా పుస్తకములు అచ్చు వేయించెను. వాటిని తానే మోసికొని తిరిగి అమ్మెను. భయము ఒంటరివానిని త్వరగా లోబరచుకొనును. చదివినవాడు తనవంటివారు ఇంకను ఉన్నారని తెలిసికొనును, ఇదేమని అడుగుట నేర్చుకొనును.

1942లో ఆయన జైలుకు పోయెను. 1946 తరువాత మరల బంధింపబడి, ఒక జైలు నుండి మరియొక జైలుకు త్రిప్పబడెను. నిజామాబాదు ఖిల్లాలో యువకవి దాశరథి కృష్ణమాచార్యులు గారు ఆయనకు తోడాయెను. దాశరథి గారు బొగ్గుతో జైలు గోడలమీద నిజామును నిలదీయు పద్యములు వ్రాసెను. అధికారులు తుడిపించిరి. ఆయన మరల వ్రాసెను. విడుదలయైన పిమ్మట తన అగ్నిధార కావ్యమును ఈ చెరసాల స్నేహితునికే అంకితమిచ్చెను.

1948 సెప్టెంబరులో నిజాము ఏలుబడి ముగిసెను. అయినను కమ్యూనిస్టని ఆళ్వారుస్వామి గారిని కొత్త ప్రభుత్వము 1951 వరకు విడువలేదు. జెండా మారినంత మాత్రమున చెరసాల తలుపు తెరచుకొనదు. బయటికి వచ్చి ఆయన మరల కలమే పట్టెను. ప్రజల మనిషి అను నవల, జైలు లోపల అను కథలు మనకిచ్చి, 1961 ఫిబ్రవరి 5న, నలువది అయిదేండ్ల వయస్సున కన్నుమూసెను.

ఆయన మన విశ్వాసమునకు చెందినవాడు కాడు. ఆయన పక్షమువారిలో అనేకులు తుపాకి పట్టిరి. దానిని మేము మెచ్చుకొనలేము. కాని ఆయన జీవితకాలమంతయు మోసినది పుస్తకమే. పై అధికారులకు లోబడవలెనన్న పౌలు బోధను చూపి మనలో కొందరు అన్యాయము ఎదుట మౌనముగా నుందురు. అదే అధికారులు సత్యమును పలుకవద్దన్నప్పుడు పేతురు యోహానులు నోరు మూసికొనలేదు, కత్తియు దూయలేదు. లోబడుట వేరు, అబద్ధమునకు తలయూపుట వేరు.

నేడు అనేక దేశములలో ఓట్లతో గద్దెనెక్కినవారే పత్రికల గొంతు నొక్కుచున్నారు, న్యాయస్థానములను తమ చేతిక్రిందికి తెచ్చుకొనుచున్నారు. దీని యెదుట ఆర్మూరులోని చిన్న సంఘమేమి చేయగలదని నిరాశపడకుదము. ఒక బిడ్డకు చదువు చెప్పుదము. నిజమో కాదో తెలియని మాటను మరియొకరి చెవిని వేయకుందము. పొరుగువాడు అన్యాయముగా చెరలో పడినయెడల, అతడు ఏ మతస్థుడైనను పోయి చూతము. గ్రామసభలో అడుగవలసిన ప్రశ్నను భయపడక అడుగుదము.

ప్రభువా, మా చేతిలోని బొగ్గుముక్క చిన్నదని మేము దానిని పారవేయకుండునట్లు మాకు ధైర్యము దయచేయుము. ఆమేన్.