తల పైకెత్తి నడిచిన పాట

సుకియాకీ అంటే జపాన్ వాళ్లు ఇష్టంగా తినే ఒక మాంసం వంటకం. 1963లో అమెరికాను ఊపేసిన ఒక పాట పేరు కూడా అదే! తమాషా ఏంటంటే, ఆ పాటకీ ఆ వంటకీ ఏ సంబంధమూ లేదు. పాటలో ఉన్నది రాత్రిపూట ఒంటరిగా నడుస్తూ కన్నీళ్లు ఆపుకునే ఓ మనిషి. పాడింది క్యూ సకమోటో.

1941 డిసెంబర్ 10న కవాసాకీలో, తొమ్మిదిమంది పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టాడు. అసలు పేరు హిసాషి. ఆ పేరు రాసే అక్షరానికి తొమ్మిది అని అర్థం, దాన్నే క్యూ అని కూడా చదవొచ్చు. అందరికీ ఆ ముద్దుపేరే అలవాటైపోయింది. టీనేజ్‌లో ఎల్విస్ ప్రెస్లీ అంటే పిచ్చి. మన వయసు రాకముందే బ్యాండ్లలో చేరి పాడటం మొదలుపెట్టాడు.

పాట రాసిన రోకుసుకే ఏయ్ కథ వేరు. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందం వద్దంటూ జపాన్‌లో లక్షలమంది, ముఖ్యంగా విద్యార్థులు, రోడ్లమీదకొచ్చారు. అయినా ఒప్పందం ఆగలేదు. ఆ ఓటమి బాధలోంచి పుట్టిన పాట ఇది. కానీ రాజకీయం ఒక్క ముక్క కూడా పైకి కనిపించదు. అందుకే ప్రేమలో దెబ్బతిన్నవాడికీ, ఊరొదిలి వచ్చినవాడికీ అది తన పాటే అనిపిస్తుంది. ట్యూన్ కట్టింది జాజ్ పియానిస్ట్ హచిదాయ్ నకమురా. సకమోటో దాన్ని ఎల్విస్ స్టైల్లో అక్షరాలు విరిచి విరిచి పాడితే, ఏయ్‌కి మొదట అస్సలు నచ్చలేదట. 1961లో విడుదలయ్యాక మాత్రం జపాన్ అంతా అదే పాట, మధ్యలో వచ్చే ఆ ఈలతో సహా.

అసలు పేరు 'ఉఏ ఓ ముయితే అరుకో', అంటే తల పైకెత్తి నడుద్దాం అని. మన భాషలో తలెత్తుకుని నడవడమంటే గర్వం. ఇక్కడ మాత్రం కన్నీళ్లు కిందకి జారకుండా తల పైకెత్తడం. ఇంత పేరు ఇంగ్లిష్‌వాళ్ల నోరు తిరగదని బ్రిటన్‌లోని పై రికార్డ్స్ కంపెనీ పెద్ద సుకియాకీ అని మార్చేశాడు. 1963 జూన్‌లో అది బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్ అయి, మూడు వారాలు అక్కడే ఉంది. జపనీస్ పాటకి అది మొదటిసారి. జపనీస్ అమెరికన్లను నిర్బంధ శిబిరాల్లో పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లే గడిచాయి. అదే దేశం, అర్థం తెలియని జపనీస్ పాటని గుండెకి హత్తుకుంది.

ఇక ఇంజనీరింగ్ చదివే మనం ఆగి చదవాల్సిన భాగం. 1985 ఆగస్టు 12న సకమోటో టోక్యో నుంచి ఒసాకాకి జపాన్ ఎయిర్‌లైన్స్ 123 ఎక్కాడు. ఏడేళ్ల క్రితం, 1978లో, ఆ బోయింగ్ 747 తోక రన్‌వేకి రాసుకుంది. దెబ్బతిన్న వెనక ప్రెషర్ బల్క్‌హెడ్‌ని బోయింగ్ మనుషులే రిపేర్ చేశారు. అతుకులో ఒకే ప్లేట్ వేసి రెండు వరసల రివెట్లు బలాన్ని మోసేలా చూడాలి. వాళ్లు ప్లేట్‌ని రెండు ముక్కలుగా వేశారు. దాంతో ఒక చోట ఒక్క వరసే బరువంతా మోసింది. ఆ విమానం 12 వేలకు పైగా ట్రిప్పులు బాగానే తిరిగింది. ప్రతి ట్రిప్పుకీ పగులు కొంచెం కొంచెం పెరిగింది. ఆరోజు బల్క్‌హెడ్ బద్దలైంది, తోక భాగం ఊడింది, నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. పైలట్లు దాదాపు అరగంట ఇంజిన్లతోనే పోరాడారు. 524 మందిలో బతికింది నలుగురే. సకమోటోకి 43 ఏళ్లు. భార్య, ఇద్దరు కూతుళ్లు మిగిలారు.

ఫటీగ్ చాప్టర్‌ని మనం రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టి వదిలేస్తాం. డ్రాయింగ్‌లో ఉన్నదానికీ, చేతులు చేసిన పనికీ మధ్య తేడా వస్తే ఏమవుతుందో ఆ 520 మంది చెబుతారు.

పాట మాత్రం ఆగలేదు. 1981లో ఎ టేస్ట్ ఆఫ్ హనీ ఇంగ్లిష్‌లో పాడితే మళ్లీ హిట్టయింది. 2011 భూకంపం, సునామీ తర్వాత జపాన్ వాళ్లు ధైర్యం కోసం పాడుకున్నది ఈ పాటే. ఒక గ్రహశకలానికి సకమోటో పేరు పెట్టారు. ఈసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు ఓసారి వినండి. భాష రాకపోయినా ఆ ఈల దగ్గరికొచ్చేసరికి మీకే అర్థమవుతుంది.