ఫుట్‌బాలు గురువు రహీము సాహెబుగారు

గ్రంథాలయములలోని జీవితచరిత్రల అలమారలో రాజులును, కవులును, దేశనాయకులును బారులు తీరి కనిపింతురు. బడిపంతులు కనబడుట అరుదు. బంతియాట నేర్పిన బడిపంతులు కనబడుట మరింత అరుదు. అట్టి యొకరి జీవితమును ఈ రజతోత్సవ సంచికలో చదువరుల ముందుంచుచున్నాను. వారు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. భారతదేశపు ఫుట్‌బాలు జట్టు ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందినది రెండే పర్యాయములు. ఆ రెండు జట్లకును శిక్షణ నిచ్చినవారు వీరే.

గద్వాల, వనపర్తి సంస్థానములును, నాగర్‌కర్నూలు సీమయు ఆనాడు నిజాము రాజ్యములోనివి. మన పెద్దలు బడిలో ఉర్దూ అక్షరములు దిద్దుకొనిన కాలమది. ఆ రాజ్యమునకు రాజధానియైన హైదరాబాదు నగరమున రహీముగారు 1909 వ సంవత్సరము ఆగస్టు 17 వ తేదీన జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, విద్యార్థుల ఆటపాటల భారమును వహించిరి. నగరములోని పోటీలలో తామును ఆడిరి. అయినను ఆటగాడుగా వారి పేరు దేశమంతట మ్రోగలేదు. తాము అందుకొనలేని శిఖరమునకు ఇతరులను చేర్చుటయే వారి జీవితమైనది.

ఆ దినములలో మన దేశమున ఆటయే జీవనోపాధిగా గలవారు బహు కొద్దిమంది. పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, సైన్యములోనో కొలువు దొరికినవాడే ఇంటివారికి ఇంత అన్నము పెట్టుచు ఆటను కొనసాగించగలిగెడివాడు. కావుననే హైదరాబాదు సిటీ పోలీసు జట్టు పేదయింటి యువకులకు ఆశ్రయమయ్యెను. ఆ జట్టును రహీముగారు తీర్చిదిద్దిరి. బొంబాయిలో ఆనాడు జరుగుచుండిన రోవర్స్ కప్పును ఈ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలిచినది. 1950 లో డ్యూరాండ్ కప్పు తుదిపోటీలో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టును ఓడించినది. కలకత్తాయే ఫుట్‌బాలునకు పుట్టినిల్లని దేశము నమ్ముచున్న కాలమున ఇది సామాన్యమైన విషయము కాదు.

వారి బోధన బడిపంతులు బోధనయే. బంతిని కాలివద్ద నుంచుకొని ఒక్కడే పరుగెత్తుట వారికి రుచించెడిది కాదు. అందిన బంతిని వెంటనే తోడివానికి అందించి, తాను ఖాళీ స్థలమునకు పోవలెననునది వారి మొదటి పాఠము. వాటము లేని కాలితోనే ఆడవలెనను నియమముతోను, బంతిని ఒంటరిగా నడిపించుకొని పోరాదను నియమముతోను పోటీలు పెట్టి యువకులకు సాధన చేయించిరి. కుడికాలు ఒక్కటే తెలిసినవాడు సగము ఆటగాడు. తోడివానిని చూడనివాడు ఆ సగము కూడ కాడు. ఈ పాఠము మైదానమునకే పరిమితము కాదని చదువరులు గ్రహింతురు.

సికింద్రాబాదు దాపుననున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అను పేద బాలుడుండెను. బూట్లు కొనుటకు సైతము స్తోమత లేనివాడు. రహీముగారు ఆతని ఆటను చూచి పిలిపించిరి. శిక్షణకు వచ్చిపోవుటకు వలయు ఖర్చును తామే భరించిరని చెప్పుదురు. ఆ బాలుడే తరువాత దేశము పక్షమున రెండు ఒలింపిక్ క్రీడలలో ఆడి, మేటి ఫార్వర్డులలో ఒకడుగా గణన కెక్కెను.

1951 లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీముగారు శిక్షణ నిచ్చిన జట్టు తుదిపోటీలో ఇరానును 1-0 గోలుతో గెలిచినది. గోలు చేసినవాడు సాహూ మేవాలాల్. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 గోళ్ల తేడాతో ఘోరపరాజయము కలిగెను. మన ఆటగాండ్రు పెక్కుమంది వట్టికాళ్లతో ఆడిరి. గెలుపు గురువుదైనపుడు ఓటమియు గురువుదే. రహీముగారు ఆ ఓటమిని దాచుకొనక, దానినుండియే నేర్చుకొనిరి. ఆ పిమ్మట మన ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరియైనవి. ఫార్వర్డులలో ఒకనిని కొంత వెనుకకు దింపి, ప్రత్యర్థి కాపుదలను తికమక పెట్టు హంగరీవారి పద్ధతిని మన జట్టుకు నేర్పిరి.

ఫలితము 1956 లో మెల్బోర్న్ నగరమున కనబడెను. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాండ్రు ఎందరో కలరు. మన జట్టు ఆస్ట్రేలియాను దాని గడ్డపైననే 4-2 గోళ్లతో ఓడించినది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. తరువాతి రెండు ఆటలలో ఓడి, నాలుగవ స్థానమున నిలిచినది. 1960 లో రోము నగరమున ఫ్రాన్సుతో 1-1 గోలుతో సమానముగా నిలిచి, హంగరీకి 2-1 తేడాతోనే తలవంచినది.

1962 లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీముగారి శరీరమున క్యాన్సరు వ్యాధి ప్రవేశించియుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో మన జట్టు 2-0 గోళ్లతో ఓడెను. థాయిలాండుతో జరిగిన ఆటలో వెనుక వరుసకు స్తంభమువంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. ఇతరులైనచో అతనిని పక్కన కూర్చుండబెట్టెడివారు. రహీముగారు అతనిని కట్టుతోనే ముందు వరుసలో నిలిపి ఫార్వర్డుగా ఆడించిరి. అతడు సెమీఫైనలులో గోలు చేసెను. సెప్టెంబరు 4 వ తేదీన తుదిపోటీ జరిగెను. ఎదుట మరల ఆ దక్షిణ కొరియాయే. ఇజ్రాయెలు, తైవానులను ఆ క్రీడలకు రానీయని విషయమున ఒక భారతీయ క్రీడాధికారి తెలిపిన నిరసనవలన అచ్చటి జనులు మన దేశముపై కినుక పూనియుండిరి. సుమారు లక్షమంది ప్రేక్షకుల ఎగతాళి కేకల నడుమ మనవారు మైదానమున దిగిరి. పి. కె. బెనర్జీ మొదటి గోలు చేయగా, వెంటనే ఆ గాయపడిన జర్నైలే రెండవది చేసెను. భారతదేశము 2-1 గోళ్లతో గెలిచినది. సారథి చునీ గోస్వామి.

అటు తరువాత సంవత్సరమైనను గడువలేదు. 1963 జూన్ 11 వ తేదీన రహీముగారు తమ 53 వ యేట కన్నుమూసిరి. ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాలునకు మరల స్వర్ణము రాలేదు. 1970 లో హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్ సారథ్యమున లభించిన కాంస్యమే తుదిది. పోలీసు జట్టు వైభవమును క్రమముగా తగ్గిపోయెను. రహీముగారి కుమారుడు ఎస్. ఎస్. హకీం 1960 ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించి, అనంతరము అంతర్జాతీయ రెఫరీగా పేరుపొంది 2021 లో దివంగతుడయ్యెను. 2024 లో రహీముగారి జీవితముపై ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వెలువడినది. పోయిన అరువదేండ్లకు గాని ఆ గురువు ముఖము సామాన్యజనులకు పరిచయము కాలేదు.

గోలు చేసినవాని పేరు పత్రికలలో పడును. అంతకుముందు బంతి నందించినవాని పేరు కొందరికే తెలియును. అందించుట నేర్పినవాని పేరు ఎవరికి గుర్తుండును? ఊరి గ్రంథాలయమునకును గురువునకును ఇచ్చటనే సామ్యము కలదు. ఇరువురును చేతికందిన దానిని ముందువానికి అందించువారే. అందించుట ఆగిన నాడు ఏమగునో రహీముగారి తరువాతి చరిత్రయే చెప్పుచున్నది. 2016 నుండి మన సీమ మూడు జిల్లాలుగా ఏర్పడినది. ఈ మూటిలోని ఏ బడి ఆవరణమునందైనను బంతి వెంట పరుగిడు పిల్లవాని నొకనిని గుర్తించి, వానికి వాటము లేని కాలిని సైతము అలవాటు చేయు పంతులుగారు ఒక్కరున్నచో, రహీము సాహెబుగారి జీవితమును మన అలమారలో నుంచినందుకు సార్థకత చేకూరును.